కొమురయ్య అన్నీ సరిగ్గానే అప్పజెప్పాడు

సూది వేయడం నాకు పదిహేను రోజుల్లో వచ్చింది. కట్టు కట్టడానికి నెల పట్టింది. రోగితో మాట్లాడటం మాత్రం వచ్చిందో రాలేదో, ఉద్యోగం మానేసి ఇన్నేళ్లయినా గట్టిగా చెప్పలేను. ఒకరోజు వచ్చేసిందనిపిస్తుంది. మర్నాడు మా ఇంట్లో పాలు పోసే ఆమెతో రెండు మాటలు మాట్లాడి మూడో మాటకు కయ్యం తెచ్చుకుంటాను.

మా చెల్లెలి మనవరాలు ఈ ఏడు నర్సింగులో చేరుతోంది. "అమ్మమ్మా, నువ్వు చేసిన నౌకరి గురించి రాసియ్యి, మా దోస్తులం చదువుకుంటం" అని కాగితాల కట్ట నా ఒళ్లో పడేసి పోయింది. ప్రమోషన్లు, బదిలీలు, కప్పిన శాలువాలు ఎవరికీ పనికిరావు కాబట్టి వదిలేస్తున్నాను. ఈ పనిలో సగం నోటితో చేసేదేనని నేను చేరినప్పుడు నాకెవరూ చెప్పలేదు. ఆ సగం గురించే రాస్తాను. ఇందులో సలహాలు దొరుకుతాయని ఆశపడేవాళ్లు ముందే జాగ్రత్తపడండి. నాకే తేలని సంగతులు చాలా ఉన్నాయి.

నా నోటి మీద నాకున్న నమ్మకం

మాది డోర్నకల్ దగ్గరి పల్లె. మా నాయన రైలు పట్టాల మీద గ్యాంగుమన్. చర్చిలో వాక్యం చదవాల్సి వస్తే పాస్టరు గారు నన్నే లేపేవారు. తప్పు పోకుండా, ఊపిరి తీసుకోకుండా, గడగడా చదివేసి కూర్చునేదాన్ని. నాయనతో పనిచేసేవాళ్లు "నీ బిడ్డ నోరు మెయిలు బండిరా, చిన్న స్టేషన్ల ఆగది" అని నవ్వేవారు. అది మెచ్చుకోలే అనుకుని చాలాకాలం మురిసిపోయాను.

పందొమ్మిది వందల నలభైల్లో, ఎక్కడో యుద్ధం జరుగుతూ ఇక్కడ మందులకు కరువొచ్చిన రోజుల్లో, వరంగల్‌లో ఒక మిషన్ దవాఖానలో నర్సుగా చేరాను. ఆ దవాఖానలో ఒక పద్ధతి ఉండేది. ఇంటికి పోయే ప్రతి రోగీ వరండాలో ఉన్న ఒక పొడుగాటి బల్ల మీద కూర్చోవాలి. మందు ఎట్లా తాగాలో, ఏం తినాలో, కట్టు ఎప్పుడు మార్పించుకోవాలో ఒక నర్సు పక్కన కూర్చుని చెప్పాలి. దాన్ని అందరూ చెప్పుడు బల్ల అనేవారు. నా నోరు చూసి నన్ను ఆ బల్లకే వేశారు.

నేను చెప్పేదాన్ని, వాళ్లు తల ఊపేవాళ్లు. "అట్లనే అమ్మా" అని చేతులు జోడించి లేచిపోయేవాళ్లు. మిగతా నర్సులు ఇద్దరికి చెప్పేలోపు నేను పదిమందిని పంపించేదాన్ని. నా అంత పనిమంతురాలు లేదనుకున్నాను.

ఒకరోజు ఒక ముసలామె ఎనిమిది రోజులకు సరిపడా ఇచ్చిన మందు సీసాను సగానికి పైగా మిగిల్చి తిరిగొచ్చింది. జ్వరం తగ్గలేదు. మా పెద్ద డాక్టరు రూతమ్మ గారు గుంటూరు వైపు మనిషి. గొంతు పెంచరు, కానీ ఆవిడ మెల్లగా అడిగితే మనకు చెమటలు పడతాయి.

"మూడు పూటలా భోజనం చేశాక తాగమని చెప్పారు కదమ్మా, తాగలేదా?"

"తిన్నప్పుడల్ల తాగిననమ్మా," అంది ముసలామె. "ఈ దినాలల్ల మా ఇంట్ల ఒక్క పూటనే పొయ్యి ఎలుగుతది."

డాక్టరమ్మ నావైపు చూశారు. నాకు ఆ ముసలామె మీద కోపం వచ్చింది, నిజం చెప్తున్నాను. ఒక్క పూటే తింటానని బల్ల మీద కూర్చున్నప్పుడే చెప్పొచ్చు కదా? అట్లనే అట్లనే అని ఎందుకు తల ఊపింది? తప్పు ఆమెదో నాదో ఆ రోజంతా తేల్చుకోలేకపోయాను.

శాంతమ్మ పెద్దమ్మ దగ్గర సాధన

మర్నాటి నుంచి డాక్టరమ్మ కొత్త పని పెట్టారు. మధ్యాహ్నం రోగులు వెళ్లిపోయాక అరగంట సేపు అదే బల్ల మీద నేను సాధన చేయాలి. రోగి వేషం మా ఆయా శాంతమ్మది. నా తల్లి కన్నా పెద్దది, అక్షరమ్ముక్క రాదు. ఆ దవాఖానలో వార్డులు కడుగుతూ వేలమంది రోగులను చూసింది. ఆమెను పెద్దమ్మా అని పిలిచేదాన్ని.

మొదటిరోజు నా పద్ధతిలో గడగడా చెప్పాను. పెద్దమ్మ ప్రతి మాటకూ తల ఊపింది.

"ఇప్పుడు చెప్పు పెద్దమ్మా, నేనేం చెప్పిన?"

"ఏమో బిడ్డా."

"మరి తల ఎందుకు ఊపినవ్?"

"తెల్లబట్టలేసుకున్నోళ్లు చెప్తాంటే ఊపకపోతే మర్యాదుంటదా? నాకు సమజ్ కాలేదని నీ మొహం మీద ఎట్లంట? నీకు చెప్పరాలేదన్నట్టు గాదా?"

నన్ను గౌరవించడానికి వాళ్లు మందు వృథా చేసుకుంటున్నారా? ఇదెక్కడి గౌరవం?

డాక్టరమ్మ మెల్లగా చెప్పి చూడమన్నారు. ఒక్కో మాటా ఒత్తి ఒత్తి చెప్పాను. పెద్దమ్మ మూతి ముడుచుకుంది. "నేనేమన్న పిచ్చిదాన్నా, గట్ల పసిపిల్లకు చెప్పినట్టు చెప్తానవ్?" అంది. సరే, క్లుప్తంగా చెప్పమన్నారు. రెండు ముక్కల్లో ముగించాను. "గింతేనా? గింతదానికా నేను పొద్దుగాల ఎడ్లబండి కట్టుకోని ఇంత దూరమొచ్చింది? నువ్వు జర మంచిగ చూసినవా లేదా?" అంది. నవ్వుతూ చెప్పమన్నారు. నవ్వాను. "నా రోగం నీకు నవ్వులాటైందా?" అంది.

నాకు తల గిర్రున తిరిగిపోయింది. పెద్దమ్మ కావాలని సతాయిస్తోందనుకుని డాక్టరమ్మకు ఫిర్యాదు చేశాను. ఆవిడ పెన్ను మూత తీస్తూ, "రోగులు కూడా అంతే కదమ్మా సుగుణా, కానివ్వు," అన్నారు. ఎందుకు కానివ్వాలో, ఏది కానివ్వాలో చెప్పలేదు.

ఇరవై రోజులు ఇట్లా పోయాక ఒక దారి దొరికింది. నేను చెప్పినదాన్ని వాళ్లతో మళ్లీ చెప్పించుకోవడం. బడిలో పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పాలి. తప్పితే మళ్లీ చెప్తాను, మళ్లీ అప్పజెప్పాలి. అన్నీ సరిగ్గా వచ్చేదాకా బల్ల మీద నుంచి లేవడానికి లేదు. ఈ దెబ్బతో తల ఊపుడు ఆగిపోయింది. మందులు సరిగ్గా తాగారు, కట్లు సమయానికి మార్పించుకున్నారు. డాక్టరమ్మ మిగతా నర్సులను పిలిచి నా బల్ల చూపించారు. నాకు నేల మీద కాలు ఆనలేదు.

శాంతమ్మ పెద్దమ్మ మాత్రం ఒక రోజు చీపురు పట్టుకుని వరండా చివర నిలబడి నన్నే చూసింది. "నువ్వు బడిపంతులు లెక్క అయితానవ్ బిడ్డా. బెత్తమొక్కటే తక్కువ," అంది. అది మెచ్చుకోలో కాదో అడగడానికి నాకు తీరిక లేకపోయింది. అవతల నలుగురు కూర్చుని ఉన్నారు.

నాలుగు మాటలు

ఆ వానాకాలంలో పాలకుర్తి అవతలి పల్లె నుంచి కొమురయ్య అనే మనిషిని బండిలో వేసుకొచ్చారు. దున్నుతుంటే నాగలి కర్రు కుడి పాదంలో దిగింది. పసరు పోసి గుడ్డ కట్టారు, చీము పట్టింది. ముప్పై ఏళ్లుంటాయేమో. వెంట భార్య రాజవ్వ, ఆరు నెలల గర్భిణి. వార్డులో ఉన్నన్నాళ్లు ఆయన ఎవరితోనూ ఎక్కువగా మాట్లాడేవాడు కాదు. కట్టు విప్పుతుంటే పళ్లు బిగించి పైకప్పు కేసి చూసేవాడు.

రెండు వారాలకు గాయం ఎర్రగా, శుభ్రంగా మారింది. కాలు దక్కిందన్నారు డాక్టరమ్మ. ఇక చేతిలో ఉన్నది జాగ్రత్తే, అది సరిగ్గా చెప్పమని కొమురయ్యను నా బల్లకు పంపించారు.

నాలుగు మాటలు చెప్పాను. కట్టు తడవకూడదు, బురదలో అసలే పెట్టకూడదు. ఇరవై రోజులు ఆ కాలి మీద బరువు మోపకూడదు. నాలుగు రోజులకోసారి వచ్చి కట్టు మార్పించుకోవాలి. వాసన వచ్చినా, రంగు మారినా ఆ పూటే బండి కట్టుకుని రావాలి.

"అమ్మా, జర ఒక మాట," అన్నాడు కొమురయ్య.

"ఆగు. ముందుగాల నేను చెప్పింది చెప్పు."

చెప్పాడు. మూడు వచ్చాయి, నాలుగోది మరిచిపోయాడు. మళ్లీ చెప్పించాను.

"అది గాదమ్మా, మా ఊళ్లె దొర..."

"దొర సంగతి తర్వాత. ఎన్ని దినాలు కాలు కింద పెట్టద్దు?"

"ఇరువై దినాలు."

"కట్టు?"

"తడవద్దు. బురదల పెట్టద్దు. నాలుగు దినాలకొకపారి రావాలె. వాసనొస్తే అప్పుడే రావాలె."

ఒక్క మాట తప్పలేదు. నాకు ఎంత సంతోషమైందంటే, అటుగా వెళ్తున్న డాక్టరమ్మను పిలిచి ఆవిడ ముందు కూడా చెప్పించాను. ఆవిడ "భేష్" అన్నారు. రాజవ్వ వెనక నుంచి మొగుడి భుజం మీది తువ్వాలు పట్టుకుని గుంజింది. కొమురయ్య ఒకసారి ఆమెను, ఒకసారి మమ్మల్ని చూశాడు. అప్పటికే తర్వాతి రోగి వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. నేను అటు తిరిగాను.

మళ్లీ వచ్చిన బండి

మొదటి రెండుసార్లు కట్టు మార్పించుకోవడానికి వచ్చాడు. ఆ రోజుల్లో నేను వార్డు డ్యూటీలో ఉన్నాను, చూడలేదు; డాక్టరమ్మ దాకా పోకుండానే కట్టు మార్పించుకుని వెళ్లిపోయాడట. మూడోసారి రాలేదు. ఆ తర్వాత వారానికి బండి వచ్చింది. మనిషిని దించక ముందే వాసన వచ్చింది. పాదం నల్లబడి, వాపు పిక్క దాకా ఎక్కింది. డాక్టరమ్మ చూసి, మోకాలి కింద తీసేయాలి, లేకపోతే మనిషి దక్కడు అన్నారు.

నేను చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. ఒళ్లు కాలిపోతున్న మనిషి మీద అరిచాను.

"నీకు చెప్పలేదా నేను? నువ్వే నాకు అప్పజెప్పినవ్ గద! నాలుగు మాటలు గుర్తులేవా?"

"గుర్తున్నయమ్మా," అన్నాడు.

గుర్తున్నాయట! మరిచిపోయాను అన్నా నాకు అర్థమయ్యేది. అర్థం కాలేదన్నా సరిపోయేది. అన్నీ గుర్తుండి కాలు బురదలో పెట్టిన మనిషిని ఏమనుకోవాలో తెలియక, కోపమూ ఏడుపూ కలిసొచ్చి వరండాలోకి వచ్చేశాను. రాజవ్వ నా వెనకే వచ్చింది.

"దొర గడీ నుంచి మనిషొచ్చిండమ్మా," అంది. "నాట్లు పడ్తానయ్, ఇంటికొకలు వెట్టికి రావాలన్నడు. నేను వోత అన్న. నీళ్లు నిండిన మడిల ఆర్నెల్ల కడుపుతోని ఎట్ల వంగుతవే అని ఆయన నన్ను వోనియ్యలె. ఆయన్నే వోయిండు. రెండు దినాలు బురదల్నే నిలవడ్డడు."

"దొరకు చెప్పకపోయిన్రా, డాక్టరమ్మ వద్దన్నదని?"

"మా మాట ఎవరింటరమ్మా? చిట్టి ఉంటే ఇంటడట. దొరసాని కాన్పు ఈ దవాఖానలనే అయింది గదా, డాక్టరమ్మ రాసిస్తే తీసి పారెయ్యడట. మా పక్కింటాయనను గట్లనే ఇడిసిపెట్టిండు. గా చిట్టి కోసమే అడుగుదామన్నడు ఆయన."

"అడగచ్చు గద మరి!"

రాజవ్వ నన్ను ఆశ్చర్యంగా చూసింది. ఎగతాళి చేస్తున్నాననుకుందేమో.

"అడగబోయిండు గదమ్మా. నువ్వు ముందుగాల చెప్పింది చెప్పుమంటివి. చెప్పిండు. మళ్ల డాక్టరమ్మకు గూడ చెప్పుమంటివి. చెప్పిండు. అటెనుక నువ్వు అటు తిరిగినవ్."

డాక్టరమ్మ దగ్గరికి పోయి అట్లాంటి చిట్టీలు రాస్తారా అని అడిగాను.

"రాస్తాను. చాలాసార్లు రాశాను. దొరలు కొందరు వింటారు, కొందరు వినరు," అన్నారు. చేతులు కడుక్కుంటున్న ఆవిడ ఆగిపోయారు. "నేను కూడా భేష్ అన్నాను కదమ్మా," అన్నారు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

నాకు తేలనివి

కాలు తీసేసింది బురద, బురదలోకి దింపింది దొర. అందులో నాకు సందేహం లేదు. కూలి లేకుండా మనుషులను వంగదీసి పని చేయించుకున్నవాళ్లకు ఒక్క చిట్టీతో జాలి పుట్టేదని నేను నమ్మను. కానీ ఆ చిట్టీ అడగడానికి వచ్చిన నోటిని మూసింది నేను. అప్పజెప్పించుకోవడం అనేదే లేకపోతే కొమురయ్య మిగతావాళ్లలా తల ఊపి వెళ్లిపోయేవాడా, లేక అడిగి ఉండేవాడా? చిట్టీ ఉంటే ఆ దొర వినేవాడా? రాజవ్వ పోయి ఉంటే ఆమె కడుపు ఏమయ్యేది? ఇన్నేళ్లుగా తిప్పి తిప్పి ఆలోచించినా ప్రతి ప్రశ్నకూ మరో ప్రశ్నే ఎదురొస్తుంది.

ఆపరేషన్ సంగతి కొమురయ్యకు నన్నే చెప్పమన్నారు. మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. ఎట్లా మొదలుపెట్టాలో ఎంత సాధన చేసినా తెలియని మాట అది. చివరికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన పైకప్పు కేసి చూశాడు.

"నాగలి పట్టస్తదా అమ్మా?"

"రాదు కొమురయ్యా," అన్నాను. కర్రకాలు పెట్టుకుంటారని, కూర్చుని చేసే పనులుంటాయని ఏదేదో కలపబోయి ఆపేశాను. ఆయన రాజవ్వ కేసి చేయి చాపాడు. ఆమె, ఆపరేషనుకు ఒప్పుకున్నట్టు వేలిముద్ర వేయించుకోవడానికి కాగితం తెచ్చిన మనిషిని దగ్గరికి రమ్మంది.

మళ్లీ శాంతమ్మ పెద్దమ్మతో సాధనకు కూర్చున్నాను. ఈసారి నేనే అడిగి కూర్చున్నాను. చెప్పడం అయ్యాక "నీ ఇంటికాడ దీనికి ఏం అడ్డమొస్తది?" అని అడిగి నోరు మూసుకోవాలి. ఇదీ సాధన. వినడానికి తేలిక. పెద్దమ్మ జవాబివ్వకుండా చీర కొంగు ముడి వేస్తూ, విప్పుతూ కూర్చునేది. నాకు అరనిమిషం గడిచేసరికి నాలుక దురద పెట్టేది. "నొప్పి ఉంటదా? బండి దొరకదా? అత్త ఒప్పుకోదా?" అని నేనే జవాబులు అందించేదాన్ని. "చూసినవా, మళ్ల నువ్వే మాట్లాడ్తానవ్," అని పెద్దమ్మ లేచిపోయేది. గడగడా మాట్లాడటం నాకు పుట్టుకతో వచ్చింది. ఊరుకోవడం నేర్చుకోవడానికి ఆ శీతాకాలమంతా పట్టింది.

కొత్తగా వస్తున్న అమ్మాయిలకు నేను చెప్పగలిగింది ఇంతే. రోగితో మళ్లీ చెప్పించుకోండి, అది మంచి పద్ధతి, నేను చివరిదాకా మానలేదు. కానీ దానికంటే ముందు ఆయన చెప్పేది వినండి. ముందు మీరు, తర్వాత ఆయన అనుకుంటే ఆ తర్వాత అనేది రాకపోవచ్చు. ఎంతసేపు వినాలి, ఎప్పుడు ఇక చాలనుకోవాలి అని నన్నడగకండి. బయట నలభైమంది కూర్చుని ఉంటే నాకూ తెలిసేది కాదు.

ఇంటికి పోయే రోజు

కొమురయ్య దవాఖానలో రెండు నెలలు ఉన్నాడు. రాజవ్వకు అక్కడే ఆడపిల్ల పుట్టింది. వెళ్లే రోజు చంకల కింద కర్రలతో మెల్లగా వచ్చి చెప్పుడు బల్ల మీద కూర్చున్నాడు. ఆ రోజు ఆ బల్ల మీద ఇంకెవరినీ కూర్చోనివ్వద్దని పెద్దమ్మకు ముందే చెప్పి పెట్టాను. డాక్టరమ్మతో, ఈ మనిషిని వెట్టికి పిలవద్దని సర్కారీ భాష ఉర్దూలో చిట్టీ రాయించి, ముద్ర వేయించి దగ్గర పెట్టుకున్నాను. అది ఆయన చేతికిచ్చాను. చదివించుకోకుండానే మడిచి రొంటిలో పెట్టుకున్నాడు.

కోసిన చోట ఎట్లా చూసుకోవాలో చెప్పాను. నెమ్మదిగా, తక్కువ మాటల్లో చెప్పాను. తర్వాత నా కుర్చీ ఆయనకు దగ్గరగా జరుపుకున్నాను.

"కొమురయ్యా, ఆ దినం నువ్వు ఏదో చెప్పబోతే నేను ఇనలె. తప్పు నాదే. ఇయ్యాల ఎంతసేపైనా సరే. నువ్వు చెప్పు, నేను ఇంట."

ఆయన నా మొహం కేసి చూశాడు. రాజవ్వ కేసి చూశాడు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను, ఈసారి నిజంగానే ఊరుకోగలిగాను. కొమురయ్య కర్రలు పక్కన పెట్టి, నిటారుగా కూర్చుని, రెండు చేతులూ జోడించాడు.

"కట్టు తడవద్దు," అన్నాడు. "కోసినకాడ ఈగలు వాలనియ్యద్దు. దినాము నూనెతోని తోలు మెత్తగ చెయ్యాలె. ఎర్రగైతే అప్పుడే రావాలె."

ఆపమనాలో, వినాలో నాకు తెలియలేదు. నాలుగూ సరిగ్గానే చెప్పి, ఇక లేవచ్చునా అన్నట్టు చూశాడు.